దిగుడు దారికి జెట్టు

లింబర్ట్, ముందు ఇంజను ఆపు.
నీ గొప్ప వినిపించింది,
వీధి చివర బంగాళాదుంపల బండి దాకా.
పిస్టను పెద్దది వేశావు.
సైలెన్సరు పీకేసి ఉత్త గొట్టం బిగించావు.
ఫిల్టరు పెట్టె తీసి పారేసి
ఆ ఎర్రటోపీ తొడిగావు.
మరి కార్బురేటరు?

"అది ముట్టుకోలేదు ఎదెల్‌మీరా, బాగానే లాగుతోంది.
సగం థ్రాటిల్ దగ్గర కొంచెం తడబడుతుంది, అంతే."

అంతేనా.
కంపెనీ వాడు వేసిచ్చిన తొంభై ఎనిమిది జెట్టు
సముద్రం పక్కన కూర్చుని కట్టిన లెక్క.
ఇక్కడ ఎల్ ఆల్టోలో, నాలుగువేల మీటర్ల మీద,
పదింట నాలుగు పాళ్ళు గాలే లేదు.
అందుకే ఇన్నాళ్ళూ నీ బండి
పెట్రోలు ఎక్కువై నల్లగా దగ్గేది.
ఇప్పుడు ఊపిరి పెంచావు, దగ్గు తగ్గింది.
రెండు తప్పులు భుజాల మీద చేతులేసుకుని
ఒప్పులా నడిచి వెళ్తున్నాయి.
నువ్వేమో అది నీ పనితనం అనుకుంటున్నావు.

ఆదివారం పందెం ఎటు?
లా కుంబ్రే నుంచి యోలోసాకి.
అంతా దిగుడే.
మంచులోంచి అరటితోటల్లోకి.
మలుపు మలుపుకీ గాలి చిక్కబడుతుంది,
జెట్టు కన్ను మాత్రం అంతే.
గాలి మెండు, చమురు కొరత.
అప్పుడు బండి ఎంత హాయిగా పరిగెడుతుందో తెలుసా?
ఆరిపోయే ముందు దీపంలా.

అల్మారాలో నేను పెన్నులు పెట్టుకునేది చూడు.
పిస్టనే.
నెత్తికి చిల్లు పడింది గనక
అడుగున అట్టముక్క వేశాను.
నా పంతొమ్మిదో ఏట, అదే దారి,
నీకున్నంత పొగరు.
ఎడమ మోచెయ్యి
ఇప్పటికీ పూర్తిగా చాపలేను.

కూర్చో. గిన్నె విప్పు.
మెల్లిగా! అది ఇత్తడి, నీ మొండితనం కాదు.
తీగ పెట్టి కెలక్కు.
కన్ను వెంట్రుకవాసి పెద్దదైనా
మీద చెక్కిన అంకె అబద్ధమైపోతుంది.
ఊదు. బల్బు వైపు పెట్టి చూడు.
గుండ్రంగా కనబడిందా వెలుగు?
సూదికి క్లిప్పు ఒక గాడి కిందికి దించు,
సూది పైకి లేస్తుంది.
తలకిందుల లెక్కే, అలవాటవుతుంది.
గాలిమర చివరంటా బిగించి
ఒకటిన్నర చుట్టు వెనక్కి.
అక్కణ్ణించి అంకెల్లేవు.
చెవి దగ్గర పెట్టు.

ఇదిగో నూట పది.

"నూట పదా? పైన కదలదు కదా!"

కదుల్తుంది, దగ్గుతూ.
జెండా ఊపగానే అందరూ నిన్ను దాటిపోతారు.
నీ పొగ చూసి నవ్వుతారు.
నవ్వనీ.
మొదటి అరగంట నీది కాదు.
మబ్బు కిందికి దిగాక,
చెట్లు మొదలయ్యాక,
ఎక్కడో ఒక మలుపులో గొంతు సవరించుకుంటుంది.
అది నీకు తెలుస్తుంది. నేను చెప్పలేను.
అప్పుడు వదులు చెయ్యి.

డబ్బులు తర్వాత ఇవ్వు.
ఈ తొంభై ఎనిమిది నా దగ్గరుంచుతా,
మళ్ళీ పైకొస్తావుగా.

*

ఆదివారం మధ్యాహ్నం ఫోను.
రేకుల మీద వాన చప్పుడు,
ఎవరో కోళ్ళను అదిలిస్తున్నారు.
గెలిచావా అని నేను అడగలేదు.
ప్లగ్గు విప్పావా?
"విప్పాను."
రంగు?
"గోధుమరంగు."
ఏ గోధుమ, లింబర్ట్?
పచ్చిదా, వేయించిందా, మాడిందా?

కాసేపు వానొక్కటే మాట్లాడింది.
"ఉండు," అన్నావు,
"వెలుతురులోకి వెళ్ళి చూస్తాను."